అమ్మ మోకాలు, గుణదల కొండ

ఏలూరులో ఎక్కిన బస్సు విజయవాడ చివర రామవరప్పాడు రింగు దగ్గరే ఆగిపోయింది. "ఇంక లోపలికి పోదండీ, గుణదల మేరీమాత తిరునాళ్ల కదా" అన్నాడు కండక్టరు. 2024 ఫిబ్రవరి 10, శనివారం రాత్రి. అమ్మకి అరవై తొమ్మిదేళ్లు, కుడి మోకాలు అరిగిపోయింది. మావాడికి మూడేళ్లు, నా భుజం మీద నిద్రపోతున్నాడు. ఆటో చూస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు.

"నడిచొస్తానని మొక్కుకున్నాన్రా."

"ఇంటి దగ్గర్నుంచి అని కదా మొక్కుకున్నావ్?"

"ఎక్కడ్నుంచో చెప్పలేదులే" అని చెప్పులు తీసి సంచిలో పెట్టుకుంది.

రోడ్డు పొడవునా జనమే. తెల్ల చొక్కాల మీద జపమాలలు వేసుకున్నవాళ్లు, బొట్టు పెట్టుకుని కొబ్బరికాయ పట్టుకున్న ఆడవాళ్లు, చంకలో చాపచుట్టలు. ఒక గుంపు ముందు నడిచేవాళ్లు మంగళవార్త జపం ఎత్తుకుంటే వెనకవాళ్లు అందుకుంటున్నారు. పల్నాడు వాళ్లని మాటతీరులోనే పోల్చుకోవచ్చు. జపం ఒకటే, సాగదీసే చోట్లు వేరు.

ఈ తిరునాళ్లకి ఫిబ్రవరి 11వ తేదీ పట్టింపు లూర్దు నుంచి వచ్చింది. 1858లో ఆ రోజున ఫ్రాన్సులోని ఆ చిన్న ఊళ్లో, పద్నాలుగేళ్ల బెర్నదెత్ కట్టెలేరుకోడానికి వెళ్లి గుహలో మరియతల్లిని చూసింది. జులై దాకా మొత్తం పద్దెనిమిదిసార్లు. ఈ కథలో నాకు నచ్చేది అద్భుతం కాదు, భాష. ఆవిడ ఆ పిల్లతో బడిలో నేర్పే ఫ్రెంచిలో మాట్లాడలేదు, ఆ కొండప్రాంతపు యాసలో మాట్లాడింది. "నేను అమలోద్భవిని", అంటే పాపం అంటకుండా పుట్టినదాన్ని, అన్నమాట కూడా ఆ యాసలోనే. అర్థం తెలియకపోయినా, మర్చిపోతానేమోనని దారంతా వల్లె వేసుకుంటూ వెళ్లి ఫాదర్‌గారికి అప్పజెప్పిందట ఆ పిల్ల. ఇది చెబితే అమ్మ, "మరి పిల్లతో పిల్ల భాషలోనే కదా మాట్లాడాలి" అని తేల్చేసింది.

గుణదలలో మొదలైంది 1924లో. అప్పుడిక్కడ అనాథాశ్రమానికి పెద్దగా ఉన్న ఇటలీ గురువు ఫాదర్ అర్లాటి ఈ కొండమీద మాత స్వరూపాన్ని నిలిపారు. అప్పటికి బెజవాడకి బిషప్పు లేరు, ఈ ప్రాంతమంతా హైదరాబాదు మేత్రాసనం, అంటే అక్కడి బిషప్పు పాలన కింద ఉండేది. విజయవాడ మేత్రాసనం ఏర్పడింది 1937లో. అంటే పీఠం కంటే ముందే మాత ఊళ్లో కుదురుకుంది. కొండ నెత్తిన పద్దెనిమిది అడుగుల ఇనుప సిలువ 1933 నాటిది. క్రీస్తు మరణించి 1900 ఏళ్లయిందని రోమ్ పవిత్ర సంవత్సరం ప్రకటించిన ఏడాది అది. నేను ఈ లెక్కలన్నీ విప్పుతుంటే అమ్మకి ఆవలింత వచ్చింది.

రాత్రి షామియానా కింద చాప పరిచాం. మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి నిక్కరు రంగు పదేపదే చెబుతున్నారు. నిద్ర రాక అమ్మ చిన్నప్పటి సంగతులు తీసింది. తనకి పదేళ్లొచ్చేదాకా పూజంతా లాటిన్‌లోనే. ఫాదర్‌గారు జనానికి వీపు పెట్టి నిలబడేవారు. వత్తులు చేసుకుంటూ, నాట్లేసుకుంటూ బతికిన మా అమ్మమ్మ కూడా లాటిన్‌లో బదులు పలికేదట, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. అరవైల్లో రోములో బిషప్పులంతా కూడిన వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చిన కొత్తల్లో అమ్మమ్మకి అదేం నచ్చలేదు. "ఇదేం పూజే, అన్నీ అర్థమైపోతున్నాయి" అందట. ఆ మాట చెప్పి అమ్మ చీకట్లో చాలాసేపు నవ్వింది.

తెల్లారగట్ల తలనీలాలు. ఇది తిరుపతి మొక్కు కదా అని కుర్రతనంలో వాదించినవాణ్ణే నేను. పెళ్లైన ఏడేళ్లకి పుట్టినవాడు ఒళ్లో కూర్చుంటే వాదన గుర్తు రాలేదు. మంగలి సగం బ్లేడు బిగించి, నీళ్లు చల్లి, మెడ వెనక నుంచి మొదలుపెట్టాడు. మావాడు రెండు గీతల దాకా ఏడ్చి, తర్వాత ఒళ్లో పడ్డ జుట్టు చూస్తూ ఊరుకున్నాడు. అమ్మ గుండు మీద గంధం రాసి, ముద్దు పెట్టి, చేతికంటిన గంధాన్ని నా చొక్కాకి తుడిచింది.

కొండెక్కడానికి గంటన్నర పట్టింది. ఏసుప్రభువు సిలువ మోసిన ఘట్టాలు వరసగా ఉండే సిలువ మార్గంలో ఒక్కో స్థలం దగ్గర అమ్మ ఆగుతుంటే వెనకవాళ్లు భక్తి అనుకున్నారు. మోకాలు అని నాకు తెలుసు. ఏసుప్రభువు మూడోసారి కిందపడే చోట, "ఇక్కడ కూర్చున్నా తప్పులేదులే" అని చతికిలపడింది.

మాత గుహ దగ్గర వేడి. వందల కొవ్వొత్తులు ఒకదాని మీద ఒకటి కరిగి, నేలంతా మైనం. అరికాలు పెడితే మెత్తగా దిగబడి, తీస్తే కాలివేళ్ల మధ్య చల్లబడి బిగుసుకుంటోంది. వాలంటీరు కుర్రాడు "నడవాలమ్మా, నడవాలి" అంటూనే ఉన్నాడు. అమ్మ కదల్లేదు. జపం చెబుతోందనుకుని చెవి పెట్టాను.

"ఏవమ్మా, పిల్లాణ్ణిచ్చావు, బాగుంది. మరి ఎత్తుకోడానికి నాకు మోకాలుండాలా వద్దా? మూడేళ్ల నుంచీ చెబుతున్నాను. కోడలు పనికెళ్తే వీడెనకాల ఎవరు పరిగెత్తాలి? నువ్వూ పిల్లాణ్ణి పెంచినదానివేగా..."

పక్కింటావిడతో గోడమీంచి మాట్లాడుతున్నట్టే ఉంది. అటుపక్క ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది, ఇటుపక్క ఒక పెద్దాయన అప్పు లెక్క వడ్డీతో సహా చెబుతున్నాడు. వాలంటీరు కుర్రాడు కూడా కాసేపు ఊరుకున్నాడు.

కిందికొచ్చి పూజలో కూర్చున్నాం. ప్రసంగం మైకులో సగం గాలికి పోయింది. జీళ్లు, ఖర్జూరం, ఒక నీలంపూసల జపమాల కొన్నాం. బుధవారం విభూది, ఆ రోజు నుంచి ఉపవాసకాలం, మాంసం ముట్టం కాబట్టి సోమ, మంగళవారాలే మిగిలాయని, కోడి సంగతి చూడమని అమ్మ అప్పుడే ఇంటికి ఫోన్ చేసింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. అమ్మ కాళ్లు చాపుకుని మైనం గోటితో గీరుతూ గీరుతూ కళ్లు మూసింది. గుండోడు నా ఒళ్లో. హనుమాన్ జంక్షన్ దాటాక, నిద్రపోయిందో లేదో చూద్దామని, పాత పూజలో ఫాదర్‌గారు లాటిన్‌లో "ప్రభువు మీతో ఉండుగాక" అనే మాట చెవి దగ్గర మెల్లగా అన్నాను:

"దోమినుస్ వోబిస్కుమ్."

"ఎత్ కుమ్ స్పీరితు తువో" అని జనం చెప్పే బదులు చెప్పింది కళ్లు తెరవకుండానే. ఆ వెంటనే, "టిక్కెట్లు జాగ్రత్తగా పెట్టావా?"