పటిక బకెట్‌లో కెమికల్ ఇంజినీరింగ్

కెమికల్ ఇంజినీరింగ్ అంటే కెమిస్ట్రీయే అనుకునే ఇంటర్ పిల్లలు చాలామంది. ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో కెమిస్ట్రీ చెప్తుంది. ఆ పనినే టన్నుల లెక్కన, రోజూ ఒకేలా, తక్కువ ఖర్చులో ఎట్లా చేయాలో కెమికల్ ఇంజినీరింగ్ చూస్తుంది. ఆ తేడా తెలియాలంటే మన జిల్లా పేరే పెట్టుకున్న నల్లగొండ టెక్నిక్‌ను చూస్తే చాలు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతి ఇది.

40 లీటర్ల బకెట్ కావాలి. నల్లా అడుగు నుంచి 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, 300 మిల్లీగ్రాముల క్షారత (ఆమ్లాన్ని విరిచే గుణం) ఉందనుకుందాం. ఫ్లోరైడ్‌ను 1కి దించాలంటే లీటరుకు సుమారు 350 మిల్లీగ్రాముల పటిక పడుతుంది, అంటే బకెట్‌కు 14 గ్రాములు. సున్నం అందులో ఇరవయ్యో వంతు, 0.7 గ్రాములు. ముందు సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ కలపాలి. తర్వాత పటిక నీళ్లు పోసి ఒక నిమిషం జోరుగా, పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచి పై తేటనీళ్లు పట్టుకోవాలి.

అసలు పని ఆ పది నిమిషాల్లోనే జరుగుతుంది. పటిక నుంచి ఏర్పడే దూదిపింజల్లాంటి తెల్లని తునకలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని, ఒకదానికొకటి అంటుకుని బరువెక్కుతాయి. అప్పుడు జోరుగా తిప్పితే చిట్లిపోయి, గంటైనా అడుగుకు దిగవు. పటిక 100 మిల్లీగ్రాములకు 50 చొప్పున క్షారతను తినేస్తుంది. క్షారత తక్కువున్న నీళ్లలో పటిక ఎక్కువేస్తే నీళ్లు ఆమ్లంగా మారి, అల్యూమినియం తేటనీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. పక్క ఊరి కొలత మన బోరుకు పనికిరానిది ఇందుకే. ఇక మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇదే పని 40 వేల లీటర్ల ట్యాంకులో చేయాలి. పటిక 14 కిలోలని లెక్క తేలిగ్గానే తేలుతుంది, కలపడం తేలదు. ఒక మూల పోస్తే అక్కడే గడ్డకట్టి మిగతా నీళ్లకు అందదు. తిప్పే బ్లేడు పెద్దదైతే, నిమిషానికి అవే చుట్లు తిరిగినా కొస వేగం పెరిగి తునకలను చీల్చేస్తుంది. బ్లేడు కొలత, మోటారు గేరు, పటిక పోసే చోటు నిర్ణయించడమే ఈ చదువు.

లోపలికి వచ్చింది ఎక్కడికి పోయిందో లెక్క చెప్పడం కూడా ఇందులోదే. ట్యాంకులోకి 120 గ్రాముల ఫ్లోరైడ్ వచ్చింది, తేటనీళ్లలో 40 పోయింది. మిగిలిన 80 గ్రాములు అడుగు మడ్డిలో ఉన్నాయి. ఆ మడ్డిని బోరు పక్కన పారబోస్తే వాన నీళ్లతో మళ్లీ భూమిలోకే దిగుతుంది. ట్యాంకు ప్లాను గీసేటప్పుడే, బోరుకు దూరంగా మడ్డి ఆరబెట్టే గచ్చునూ గీసుకోవాలి.