పాకీటీన్ క్లాసులో నిమ్మ గింజ గొడవ

ఇయ్యాల ఫస్టియర్ బైపీసీ వాళ్ళకి మియోసిస్ (పుప్పొడి, అండం తయారవడానికి క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజన) మొదలుపెట్టా. అన్నం తిన్న తర్వాత పీరియడ్, పైగా కరెంటు లేదు, గూడూరు ఎండ సంగతి తెలిసిందే, వెనక బెంచీలన్నీ కునికిపాట్లు. లెప్టోటీన్ నుంచి డయాకైనెసిస్ దాకా దాని మొదటి దశలోని ఐదు మెట్ల పేర్లూ బట్టీ కొట్టేస్తారు, లోపలేం జరుగుద్దో మాత్రం ఎవరికీ పట్టదు.

నాకైతే ఇష్టమైంది పాకీటీనే. జైగోటీన్‌లో తల్లివైపు క్రోమోజోము, తండ్రివైపు దాని జోడీ పక్కపక్కకి చేరతాయా, పాకీటీన్‌కొచ్చేసరికి దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి మారిపోతాయి. డిప్లోటీన్‌లో విడిపోదామని చూస్తాయి గానీ ముక్కలు మారిన చోట ఇంకా తగులుకునే ఉంటాయి, అవే కయాస్మాలు. ఆ పట్టు ఉండబట్టే తర్వాతి దశ మెటాఫేజ్‌లో జంటగా కణం మధ్యలో నిలబడి, ఆ తర్వాత మొదటి అనాఫేజ్‌లో ఒకటి అటు ఒకటి ఇటు పోతాయి. సంఖ్య సగమయ్యేది అక్కడే, ఈ మొదటి విభజనలోనే; ఒక్కో క్రోమోజోములోని రెండు పోగులు, అంటే క్రోమాటిడ్లు, విడిపోయేది రెండో విభజనలో, పిల్లలు ప్రతి ఏడూ ఇది తిరగేసే రాస్తారు.

ఇంతలో పొదలకూరు పిల్లోడొకడు లేచి "మేడం, అన్నీ అట్టా కలగాపులగం అయిపోతే మా తోటలో నిమ్మచెట్లన్నీ ఒకేరకంగా ఎందుకుండాయి, మా నాయన గింజలతోనే గదా నారు పోసేది" అన్నాడు. భలే అడిగాడనిపించింది, నిద్రపోయేవాళ్ళు కూడా లేచారు.

నిమ్మకి 18 క్రోమోజోములు, 9 జతలు. ఏ జతలో ఏది ఎటు పోతదనేదానికే 512 రకాలు, ముక్కలు మారడం లెక్కేస్తే ఇంకా ఎన్నో. కానీ నిమ్మ గింజలో పిండాలు చాలావరకు మియోసిస్ దారిలో వచ్చినవి కావు, అండం చుట్టూ ఉండే తల్లి కణజాలం నుంచే నేరుగా పుడతాయి, అంటే అచ్చం తల్లే. ఒక్క గింజ పెడితే కవర్లో రెండు మూడు మొలకలొస్తాయా లేదా అనడిగితే "వస్తాయి మేడం, బక్కది పీకేస్తాం" అన్నాడు. ఆ బక్కదే చాలాసార్లు పుప్పొడి కలిసి పుట్టిన అసలు బిడ్డ, పాపం!

బంగినపల్లికి ఈ సౌకర్యం లేదు, టెంకలో ఒకటే పిండం, అదీ కలిసి పుట్టిందే, అందుకే అంటు కట్టాల్సిందే. మా పెరట్లో టెంకకి మొలిచిన మామిడిని తీసేద్దామంటే అత్తయ్య ఒప్పుకోవడం లేదు, "కాయనీమ్మా, చూద్దాం" అంటది.