సిరిపురంలో మంచి కాఫీ షాపును పసిగట్టడం ఎలా?

విశాఖలో సిరిపురం జంక్షన్ నుంచి వీఐపీ రోడ్డు దాకా కాఫీ షాపులకు కొదవ లేదు. సోఫాలూ గోడబొమ్మలూ తర్వాత, ముందు గ్రైండర్ చూడండి. గింజలు అప్పటికప్పుడు మర పడుతుంటేనే కూర్చోండి. మన సముద్రపు గాలికి పొడి ఇట్టే చెమ్మ పట్టేస్తుంది, వాసన పోతుంది.

ఎస్ప్రెస్సోకి (యంత్రంలో ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీ) సాధారణ లెక్క: 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. 15 సెకన్లకే దిగిపోతే పొడి బరకైనట్టు, కాఫీ పులుస్తుంది. 40 దాటితే మరీ మెత్తనైనట్టు, చేదెక్కుతుంది. ముసురు పట్టిన రోజు మర సరిచేసుకోని చోట పొద్దున బాగున్న కాఫీ సాయంత్రానికి తేడా కొడుతుంది. పాలు 60-65 డిగ్రీలు చాలు. 70 దాటిస్తే తియ్యదనం పోయి మరిగిన వాసన మిగులుతుంది. పొగలు కక్కేలా కావాలంటే హాయిగా ఫిల్టర్ కాఫీయే తాగండి. అక్కడా ఒక్కటే పరీక్ష: డికాక్షన్ మళ్ళీ మరిగిస్తున్నారా? అయితే వద్దు.

అరకు వ్యాలీ అరబికా రకం కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మెనూలో ‘అరకు’ అని ఉన్నంత మాత్రాన మురిసిపోకండి, గింజలు వేయించిన తేదీ అడగండి. వారం దాటి, నెల లోపుంటే మేలు.

బ్రంచ్‌కి ఆదివారం పదిన్నర లోపే వెళ్ళండి. ఆమ్లెట్, టోస్ట్ ముందు రప్పించి, అవి వచ్చాకే కాఫీ చెప్పండి. కలిపి చెబితే కాఫీ చల్లారిపోతుంది.