మార్కుల మెమోలు, టెట్ వెయిటేజీ, డీఎస్సీ: ఒక ఎస్జీటీ ప్రిపరేషన్ అనుభవం

2024 అక్టోబరు మొదటి వారంలో తెలంగాణ డీఎస్సీ (ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామక పరీక్ష)లో ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్లినప్పుడు, ఇంటర్ బైపీసీలో నేను తెచ్చుకున్న 88 శాతం మెమోను బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి చూసింది అర నిమిషం కూడా కాదు. 50 శాతం దాటిందా లేదా, రిజర్వేషన్ ఉన్నవారికైతే 45 శాతం దాటిందా లేదా అన్నది చూసి టిక్కు పెట్టడమే అక్కడ ఆయన పని. నా వెనుక నిలబడిన మిత్రుడికి ఇంటర్‌లో వచ్చింది 54 శాతం, అతని మెమో మీద కూడా అదే టిక్కు పడింది. ఒక్కో పోస్టుకు ముగ్గురిని పిలిచిన ఆ వరుసలో అతని ర్యాంకు నాకంటే మెరుగైనది.

చదువులో వచ్చే మార్కుల్లో ఏవి టెట్‌కు (ఉపాధ్యాయ అర్హత పరీక్షకు), డీఎస్సీకి, ఉద్యోగానికి నిజంగా పనికొస్తాయన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. మా బ్యాచ్‌లోని పది పదిహేను మందిని చూసి సూత్రాలు కట్టడం సరికాదని తెలుసు, అయితే ప్రశ్నపత్రం నిర్మాణాన్ని చూస్తే సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

టెట్ పేపర్-1లో 150 ప్రశ్నలు ఉంటాయి. శిశువికాసం, పెడగాజీ (బోధనా శాస్త్రం)కి 30 మార్కులు పోగా, తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కొక్కటి 30 మార్కులు, వాటిలో 24 కంటెంట్‌కు, 6 బోధనా పద్ధతులకు. అంటే 96 మార్కులు బడి పుస్తకాల నుంచే వస్తాయి, మిగిలిన 54 మార్కులు డీఎడ్ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ కోర్సు)లో చదివిన విషయం నుంచి వస్తాయి. 2024 డీఎస్సీ ఎస్జీటీ పేపర్‌లో 80 మార్కులకు 160 ప్రశ్నలు ఇచ్చారు: జీకే, వర్తమానాంశాలకు 10, విద్యా దృక్పథాలకు 10, అయిదు సబ్జెక్టులకు తొమ్మిదేసి చొప్పున 45, బోధనా పద్ధతులకు 15. రెండు పరీక్షల్లోనూ సగానికి మించిన బరువు బడి పుస్తకాల మీదే ఉంది, డిగ్రీలో చదివిన పాఠం నేరుగా అక్కరకు వచ్చే చోటు దాదాపు లేదు. డిస్టింక్షన్‌లో డిగ్రీ పాసైన మా సీనియర్ ఒకరు లసాగు, గసాభా లెక్కల దగ్గర, తెలుగు సంధుల దగ్గర వరుసగా మార్కులు పోగొట్టుకోవడం చూశాక ఈ సంగతి నాకు బాగా అర్థమైంది.

ఇక డీఎడ్ మార్కుల గురించి చెప్పాలంటే కొంచెం మొహమాటంగానే ఉంటుంది. మేము చదివిన కళాశాలలో ఇంటర్నల్ మార్కులు దాదాపు అందరికీ ఒకేలా పడేవి. రికార్డులు రాసినవారికీ, పక్కవారి రికార్డు చూసి ఎత్తి రాసినవారికీ తేడా ఉండేది కాదు, కాబట్టి ఆ మొత్తం శాతాన్ని చూసి ఎవరు టెట్ దాటుతారో ఊహించడం కష్టం. అయితే థియరీ పేపర్లలో, ముఖ్యంగా మనోవిజ్ఞానంలో నిజాయితీగా మంచి మార్కులు తెచ్చుకున్నవారు టెట్ శిశువికాసం విభాగంలోనూ ముందే ఉన్నారు. నా దృష్టిలో మెమోలో చూడవలసింది మొత్తం శాతాన్ని కాదు, ఏ పేపరులో ఎన్ని వచ్చాయన్న దాన్ని.

నా సొంత లెక్క ఇది. 2022 జూన్ టెట్‌లో 97, 2023 సెప్టెంబరులో 104, 2024లో 121 వచ్చాయి. మొదటిసారి బీసీ కోటాలో అర్హత మార్కు 75 దాటానన్న సంతోషంలో ఇక టెట్ అవసరం లేదనుకున్నాను, అది పెద్ద పొరపాటు. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది, అంటే 80 మార్కుల పరీక్షకు టెట్ మార్కులను 20కి కుదించి కలుపుతారు కనుక 97 మార్కులంటే 12.93, 121 మార్కులంటే 16.13. ఆ తేడా 3.2 మార్కులు, అంటే అర మార్కు ప్రశ్నలు ఆరింటికి పైనే. ఒక్కో ప్రశ్న లెక్కన చూస్తే డీఎస్సీ ప్రశ్నే విలువైనది: ఒక డీఎస్సీ ప్రశ్న దాదాపు నాలుగు టెట్ ప్రశ్నలతో సమానం. కానీ టెట్ మళ్లీ మళ్లీ రాయవచ్చు, ఎక్కువ వచ్చిన మార్కులే లెక్కలోకి వస్తాయి, పైగా 2021 నుంచి దానికి జీవితకాల చెల్లుబాటు ఉంది. డీఎస్సీ సంగతి అలా కాదు. తెలంగాణలో 2017 టీఆర్టీ (అప్పటి ఉపాధ్యాయ నియామక పరీక్ష) తరువాత 2023 సెప్టెంబరు దాకా కొత్త నోటిఫికేషన్ రాలేదు, ఆ వచ్చిన 5,089 పోస్టుల ప్రకటనను కూడా రద్దు చేసి 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో మళ్లీ ఇచ్చారు. అన్నేళ్లు పుస్తకాల ముందు కూర్చోవడం ఎంత కష్టమో ఇది చదువుతున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

97 నుంచి 121కి పెరగడంలో గణితం వాటా పది మార్కులు. బైపీసీ చదివినవాణ్ణి కనుక పదో తరగతి తరువాత లెక్కల మొహం చూడలేదు, మొదటి టెట్‌లో 30కి 15 వచ్చినప్పుడు సిగ్గుపడ్డాను కూడా. మూడో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టి ప్రతి అభ్యాసం చేతితో చేశాను, ఇంట్లో చిన్నపిల్లలు చూసి నవ్వినా పట్టించుకోలేదు. గైడ్లు నేను కొన్నది రెండే, అవి కూడా మోడల్ పేపర్ల కోసం.

ఈ మధ్యకాలంలో బతుకు గడవడానికి ప్రైవేటు బడుల్లో ప్రయత్నించాను. నేను వెళ్లిన రెండు బడుల్లోనూ టెట్ మెమో అడగలేదు, ఇంటర్ శాతం అడగలేదు, ఇంగ్లిష్‌లో ఇరవై నిమిషాలు డెమో చెప్పమన్నారు. ఒకచోట వద్దన్నారు, రెండోచోట తీసుకున్నారు. ఆ ఉద్యోగానికి నన్ను నిలబెట్టింది టీచింగ్ ప్రాక్టీసులో పిల్లల ముందు నిలబడిన అలవాటే.

మరొక మాట, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు బీఎడ్ వారికి ప్రాథమిక స్థాయి పోస్టులకు అర్హత లేదని తేల్చాక ఎస్జీటీ పోటీ డీఎడ్ వారి మధ్యకే పరిమితమైంది. అందువల్ల ఇప్పుడు మన పక్కన రాసేవారందరూ మనం చదివిన పుస్తకాలే చదివినవారు, వారితో తేడా వచ్చేది ఎక్కువగా బోధనా పద్ధతుల విభాగంలోనే.

ఆ విభాగానికి నేను మళ్లీ తెరిచినవి నా పాత డీఎడ్ రికార్డులు. టీచింగ్ ప్రాక్టీసులో రెండో తరగతి పిల్లల ముందు పొట్టి గ్లాసులోని నీళ్లను సన్నని పొడవాటి గ్లాసులో పోసి ఎందులో ఎక్కువ ఉన్నాయని అడిగితే, సగం మంది పొడవాటిదే చూపించారు, ఒక పాప మాత్రం "అవే నీళ్లు కదా సార్" అంది. ఆ పేజీ చూశాక, మనోవిజ్ఞానవేత్త పియాజే చెప్పిన పూర్వప్రచాలక దశ (ఆకారం మారితే పరిమాణమూ మారిందనుకునే దశ), మూర్త ప్రచాలక దశ (మారలేదని గ్రహించే దశ) లక్షణాలను నేను మళ్లీ బట్టీ పట్టలేదు. మీ రికార్డులు పాత పేపర్లవాడికి వేసి ఉంటే, కనీసం జూనియర్ల దగ్గరివి అడిగి తెచ్చుకోండి, అవి కూడా ఎత్తి రాసినవి కాకుండా చూసుకోండి.