ఉన్నచోటే యాభై అడుగులు

మంగళవారం, రాత్రి.

జలుబు తగ్గిన వెంటనే అక్కకు పట్టుకున్న తల తిరుగుడు ఇంకా పూర్తిగా వదలకపోవడంతో, ఈ ఉదయం ఆమెను సూర్యారావుపేటలోని ఒక చెవి వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళాను. స్కానింగ్ రాస్తారేమోనని డబ్బు కూడా సర్దుకుని వెళ్ళాను గానీ, ఆవిడ ముందుగా చెప్పులు విడిచి గది మధ్యలో నిలబడమన్నారు.

నేల మీద సుద్దతో ఒక గీత గీశారు. ఆ గీత మీద తలుపు వైపు ముఖం పెట్టి నిలబడి, రెండు చేతులూ భుజాల ఎత్తున ముందుకు చాచి, కళ్ళు మూసుకుని, మోకాళ్ళు బాగా పైకి లేపుతూ ఉన్నచోటే యాభై అడుగులు వేయాలి. ఉంటర్‌బెర్గర్ అనే వైద్యుడు 1938లో వివరించిన ఈ పరీక్షను జపాన్‌కు చెందిన ఫుకుదా 1959లో మెరుగుపరిచారు. మొదలుపెట్టే ముందు వైద్యురాలు రోడ్డు వైపు కిటికీ మూయించారు. ఒక పక్క నుంచి ఆటోల మోత వినిపిస్తూ ఉంటే, కళ్ళు మూసుకున్నా మనిషికి దిక్కు తెలిసిపోతుందట. పడిపోకుండా పట్టుకోవడానికి నర్సమ్మ వెనకనే నిలబడింది, కానీ ముట్టుకోలేదు.

సగం అడుగులు దాటాక అక్క చాచిన చేతులు, గాజులతో సహా, కొద్దికొద్దిగా ఎడమకు జరగసాగాయి. కళ్ళు తెరిచేసరికి ఆమె ఎదుట తలుపు లేదు, బరువు తూచే యంత్రం ఉంది. "అదేమిటి డాక్టరు గారూ, నేను తిరగనే లేదే!" అంది.

మనం తూలకుండా నిలబడడానికి కళ్ళు, పాదాల నుంచీ కీళ్ళ నుంచీ వచ్చే స్పర్శజ్ఞానం, లోపలి చెవి, ఈ మూడూ కలిసి పనిచేస్తాయి. రెండు చెవుల నుంచీ మెదడుకు ఎడతెగకుండా అందే సంకేతాలలో ఒకవైపువి తగ్గితే, సాధారణంగా శరీరం ఆ బలహీనమైన వైపుకే తిరుగుతుంది; పగటిపూట కళ్ళు ఆ లోపాన్ని కప్పిపుచ్చుతాయి. అక్క పగలు బాగానే నడుస్తూ, రాత్రి కరెంటు పోతే మాత్రం గోడ పట్టుకోవడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

ముప్పై డిగ్రీలు మించి తిరిగితే అనుమానించాలట, అయితే ఇంత తేలికైన పరీక్షను అతిగా నమ్మకూడదని ఆవిడే చెప్పారు. ఏ జబ్బూ లేనివారు కూడా కొందరు తిరుగుతారు. మెదడు సర్దుకున్న పాత రోగులు అసలు తిరగకపోవచ్చు. అందుకే ఆ తరువాత అక్కను వైద్యురాలి ముక్కునే చూస్తూ ఉండమని, తలను రెండు చేతులతో పట్టుకుని చటుక్కున పక్కకు తిప్పి చూశారు. ఎడమకు తిప్పినప్పుడు కళ్ళు చూపు నిలుపుకోలేక, క్షణం ఆలస్యంగా వెనక్కి వచ్చాయి. రెండు పరీక్షలూ ఒకే వైపు చూపడంతో ఎడమ చెవి సమతుల్య నాడికి వాపు వచ్చి ఉంటుందన్నారు. తన పరీక్ష పరిమితిని తానే చెప్పే వైద్యుల మీద నాకు గురి ఎక్కువ.

తల తిరుగుడు మాత్రలు ఎక్కువ రోజులు వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుందని వాటిని ఆపించి, తల కదిలిస్తూ చేసే వ్యాయామాలు రాసిచ్చారు.

ఇంటికి వచ్చాక బావగారు తానూ ఆ యాభై అడుగులు వేసి చూస్తానని ఉత్సాహపడ్డారు. శబ్దం ఉంటే లాభం లేదు, ముందు టీవీ కట్టేయమంటే, క్రికెట్ వస్తోందని ససేమిరా అన్నారు.