అందరికీ మొహమే కావాలి

పండగ లేదు, పబ్బం లేదు, అయినా ఉప్పల్‌లో ఎక్కిన దాన్ని భువనగిరి దాకా నిలబడే వెళ్లాను. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం, అదే జీరో టికెట్, వచ్చాక యాదగిరిగుట్ట వైపు బస్సుల సంగతి మీకు తెలిసిందే. మిగిలిన ఆ కాస్త డబ్బూ భువనగిరిలోనే పోయింది. నేనెక్కాల్సిన మోత్కూరు బస్సు కళ్ల ముందే కదిలిపోయింది. ఆటో అతను నాకొక మనిషి లెక్క, నా వెదురు బద్దల కట్టకు ఇంకో మనిషి లెక్క కట్టాడు. ఎంత బతిమాలినా రూపాయి తగ్గలేదు. పిల్లలకు మట్టిబొమ్మలు చేయడం నేర్పడానికి ఆత్మకూరు (ఎం) వైపు ఉన్న ఒక ఊరి బడికి చేరేసరికి నా మొహం ఎలా ఉందో, పిల్లలు దూరంగానే నిలబడ్డారు.

బడి గోడ మీద మన తెలంగాణ రాజముద్ర ఉంది, కాకతీయ తోరణం, లోపల చార్మినార్. ఇది వేసింది ఎవరో తెలుసా అని అడిగాను. ఒక్కరూ చెప్పలేదు. ఏలె లక్ష్మణ్ గారు, 1965లో పుట్టారు, మీ పక్కనే కదిరేనిగూడెంలో, నేతపని చేసే ఇంట్లో అన్నాను. "మన కదిరేనిగూడెమా?" అని వెనక నుంచి ఒకడు లేచి నిలబడ్డాడు. ఆయన వేసిన పల్లె మనుషుల బొమ్మల ప్రింట్లు నేల మీద పరిచాను. వాళ్లు బొమ్మలు చూడటం మానేసి, ఇది ఫలానా అవ్వలాగుంది, ఇది ఫలానా తాతలాగుంది అని ఊళ్లోవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. నాకు కావలసింది సరిగ్గా అదే.

అందరం కలిసి ఒకే బొమ్మ చేద్దామనుకున్నాం. రాట్నం ముందు కూర్చుని నేతకు దారపు కండెలు చుట్టే నాయనమ్మ. మట్టి ఊళ్లోని కుమ్మరి తాత ఇచ్చాడు. చెరువులు ఎండిన వేసవిలో తవ్వి దాచుకున్న మట్టి అది. హైదరాబాద్ షాపుల్లో ప్యాకెట్ మట్టి రేటు చూసి వచ్చిన నాకు, ఆయన గంపలకు గంపలు ఎత్తి పోస్తుంటే నోట మాట రాలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. వెదురు బద్దలతో ఆకారం కట్టి, వరిగడ్డి చుట్టి, సుతిలితో బిగించి, ఊక కలిపి తొక్కిన మట్టి పట్టించాలి. ఊక లేకపోతే ఆరేటప్పుడు పగుళ్లొస్తాయి.

పని పంచేటప్పుడు గొడవ మొదలైంది. అందరికీ మొహమే కావాలి. పాదాలు ఎవరికీ వద్దు. నగరంలో నేను నేర్పే చోట ఈ గొడవ రానే రాదు, ఎవరి బొమ్మ వాళ్లదే. సాయంత్రం అమ్మానాన్నలు వచ్చి "మా బాబు చేసింది ఏది?" అని అడిగి, దాన్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. అది నాకు ఎప్పటి నుంచో నచ్చదు. ఇక్కడా అదే పోటీ చూసి మనసు చివుక్కుమంది.

అప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతి అంది: "మా ఇంట్ల ఆసు మా అమ్మ పోస్తది, చిటికి అందరం కడ్తం, మా బాపు నేస్తడు. చీర ఎవలదంటే ఏం జెప్తం టీచర్?"

ఆసు, చిటికి అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చిటికి అంటే రంగు అంటకుండా దారానికి అక్కడక్కడా కట్లు కట్టడం. ఇక ఆసు: ఒక చీరకు మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు చేత్తో తిప్పాలి. భుజాలు పోతాయి. తల్లి పడే ఆ బాధ చూడలేకే ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ పిల్లలు ఆ పని మధ్య పుట్టినవాళ్లు.

ఆ అమ్మాయే బొమ్మ చేతుల పని తీసుకుంది. తనొక్కతే చేయలేదు. నేల మీద కూర్చుని, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య దారం పట్టినట్టు, కుడిచేత్తో రాట్నం తిప్పుతున్నట్టు అలాగే ఉండిపోయింది. మిగతావాళ్లు చూసి మట్టి పెట్టారు. దారం మరీ బిగిస్తే తెగుతుందని, వదులైతే కండె గట్టిగా రాదని, వేళ్లు అంత మెత్తగా ఉండాలని చెబుతూనే ఉంది. ఇంతవరకు మగ్గం ముట్టని రైతుల పిల్లలు కూడా తమ వేళ్లు అలా పెట్టి చూసుకున్నారు. పాదాలు తీసుకున్నవాడు మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి, నాట్లు వేసే వాళ్ల నాయనమ్మ మడమలు చూసి వచ్చి, చీపురుపుల్లతో ఒక్కొక్క పగులూ గీశాడు. నేను చూసిన బొమ్మల్లో అంత నిజమైన పాదాలు తక్కువ. మొహం వంతులవారీగా చేశారు, సాయంత్రం దాకా ముక్కు మారుతూనే ఉంది.

అంత పెద్ద బొమ్మను కాల్చే బట్టీ ఊళ్లో లేదు. తడి గోనెసంచులు కప్పి, నీడలో మెల్లగా ఆరాలని వరండాలో ఒక మూలన పెట్టాం. రోజూ గోనెలు తడిపే వంతులు పిల్లలే రాసుకున్నారు. పచ్చి మట్టి కాబట్టి జల్లు కొట్టకుండా చూడాలి. ఇలాంటి బడులకు మండలానికి ఒక బట్టీ అయినా ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. చిన్న చిన్న ముక్కలుగా చేసి కాల్చి అతికే పద్ధతి నేర్పుతాను, వేసవిలో మట్టి తవ్వేటప్పుడు కబురు పెట్టమని కుమ్మరి తాతకు చెప్పి వచ్చాను. వెదురు మాత్రం ఈసారి అక్కడే కొంటాను.