మా డొమైన్ మా చేతికి వచ్చింది: ఒక నరసాపురం లేసు కొట్టు గోడు

నిన్న రాత్రి మా డొమైన్, అంటే మా వెబ్‌సైట్ పేరు, మా ఖాతాలోకి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి అక్కడక్కడా మాట గట్టిగా పడితే సర్దుకోండి.

మాది నరసాపురం, లేసు అల్లికల వ్యాపారం. మొగల్తూరు, పాలకొల్లు వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గరే పూలు అల్లుతారు. అతుకుపని చేసేవాళ్ళు వాటిని టేబుల్ క్లాత్‌గానో బెడ్ స్ప్రెడ్‌గానో కలుపుతారు. మేం ఉతికించి, ఇస్త్రీ చేయించి, మరకలూ చిరుగులూ చూసి పంపిస్తాం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య ఇది. 2024లో దీనికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ప్రభుత్వ గుర్తింపు, కూడా వచ్చింది. పేపర్లో వేశారు, అందరూ సంతోషించారు, మర్నాడు మళ్ళీ ఆర్డర్ల కోసం ఎదురుచూపులే. ట్యాగ్ ఉందని ఇటలీలో కొట్టు పెట్టుకున్నావిడకి ఎవరో ఒకరు చెప్పాలి కదండీ!

చెప్పే పని నేను నెత్తికెత్తుకున్నాను. మామగారికి ఓపిక తగ్గింది, మావారికి ఉద్యోగం. అత్తగారికి అల్లిక గురించి తెలియనిది లేదు గాని కంప్యూటర్ ముందు కూర్చోరు.

ఇన్‌స్టాగ్రామ్ సులువుగానే అయిపోయింది. తెల్ల లేసుని తెల్ల గోడ ముందు పెడితే ఏమీ కనపడదు, ముదురాకుపచ్చ బట్ట పరిచి పొద్దుటి వెలుతురులో తీస్తే ప్రతి కన్నూ కనపడుతుంది. అత్తగారి చేతులు మాత్రమే కనిపించేలా తీసిన వీడియోలకి మంచి పేరొచ్చింది. కింద కామెంట్లలో సగం "ప్రైస్ ప్లీజ్". ధర చెప్పాక మనిషి కనపడడు. లైకులు చూసి మురిసిపోయేవాళ్ళకి ఒక్క మాట: ఆ లైకులతో దారం కొట్టువాడి బాకీ తీరదు.

బ్లాగు రాయడం నాకు నచ్చింది. మేం ఎంత గొప్పవాళ్ళమో రాస్తే ఎవరూ చదవలేదు. గుండ్రటి బల్లకి క్లాత్ ఎంత సైజు కొనాలో రాస్తే చదివారు. బల్ల అడ్డం 48 అంగుళాలు, చుట్టూ 10 అంగుళాలు వేలాడాలంటే, రెండు వైపులా కలిపి 68 అంగుళాల క్లాత్ కావాలి. అంతే విషయం. ఇంగ్లీషులో రాశాను, ఎందుకంటే కొనేవాళ్ళు గూగుల్లో ఆ భాషలోనే వెతుకుతారు. పాత లేసు పసుపెక్కితే ఎలా ఉతకాలి, మిషన్ మీద నేసిన దాన్నీ చేత్తో అల్లిన దాన్నీ ఎలా పోల్చుకోవాలి, ఇలాంటివి ఇంకొన్ని రాశాను. ఇప్పటికీ గూగుల్ నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆ బల్ల లెక్క కోసమే వస్తారు.

ఇక ఈమెయిల్. అసలు కథ ఇదే.

మాకు ఈమెయిలే ప్రాణం. గ్రేటర్ నోయిడాలో జరిగే హస్తకళల ఫెయిర్‌లో స్టాల్ పెట్టినప్పుడల్లా మామగారు విజిటింగ్ కార్డులు పోగేసేవారు. పెద్ద బిస్కట్ల డబ్బా నిండా కార్డులే. ఆ కొట్లవాళ్ళు ఇన్‌స్టాగ్రామ్ చూసి ఆర్డరివ్వరు, మెయిల్ చూసి ఇస్తారు. ఈ పని కోసమే భీమవరంలో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీకి ప్యాకేజీ డబ్బు కట్టాం. వెబ్‌సైట్, డొమైన్, మెయిల్ ఐడీలు, నెలకో వార్తాలేఖ, అన్నీ వాళ్ళే చూసుకుంటామన్నారు. నెలనెలా రంగురంగుల రిపోర్టు వచ్చేది. అందులో బాణాలన్నీ పైకే.

2025 ఆగస్టులో అమెరికా చిన్న పార్సెళ్ళకి ఇచ్చే సుంకం మినహాయింపు ఎత్తేసింది. దాంతో మన తపాలా శాఖ కొన్నాళ్ళు అక్కడికి మామూలు పార్సెళ్ళు తీసుకోవడం ఆపేసింది. మా సరుకు ప్యాక్ చేసి సిద్ధంగా ఉంది. విషయమంతా వివరంగా రాసి, ఆలస్యమవుతుంది, కావాలంటే డబ్బు వెనక్కి ఇస్తాం అని కొన్నవాళ్ళందరికీ మెయిల్ పెట్టాను. ఒక్కరూ పలకలేదు. అర్థం చేసుకున్నారనుకున్నాను. కొన్నాళ్ళకి ఒకావిడ ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనిపించేలా అడిగింది: డబ్బులు తీసుకుని చప్పుడు చేయడం లేదేం, మీరు మోసగాళ్ళా అని. ముప్ఫయ్యేళ్ళుగా మామగారు మాట పడకుండా నడిపిన వ్యాపారం అది. నాకు అన్నం సహించలేదు.

నేను పంపిన మెయిల్ ఆవిడ స్పామ్ ఫోల్డర్లో ఉంది. ఆవిడదే కాదు, ఇంచుమించు అందరిదీ.

మా ఆడపడుచు కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు ఒక్క కిటుకు చూపించాడు, అది మీరూ చేసి చూడండి. మీ వ్యాపారం ఐడీ నుంచి మీ సొంత జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపుకోండి. కంప్యూటర్లో తెరిచి, పక్కన మూడు చుక్కలు నొక్కితే 'షో ఒరిజినల్' అని ఉంటుంది. అందులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని కనిపిస్తాయి, వాటి ఎదురుగా 'పాస్' అని ఉండాలి. ఎస్‌పీఎఫ్ అంటే మన పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే జాబితా. డీకిమ్ అంటే మెయిల్ మీద పడే సీలు, దారిలో ఎవరూ మార్చలేదని రుజువు. ఈ రెండూ తప్పితే ఆ మెయిల్‌ని ఏం చెయ్యాలో అవతలివాళ్ళకి చెప్పేది డీమార్క్. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ నిబంధనలు గట్టిగా పెట్టాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000కి పైగా పంపేవాళ్ళకి మూడూ ఉండాలి, మనలాంటి చిన్నవాళ్ళకి కూడా ఎస్‌పీఎఫ్ గాని డీకిమ్ గాని ఉండాల్సిందే. మాకు ఒక్కటీ పాస్ కాలేదు. నెలనెలా డబ్బు తీసుకుంటున్న ఏజెన్సీకి ఆ సంగతే పట్టలేదు!

ఫోన్ చేస్తే "చేసేశాం మేడం, రేపటికి సెట్ అయిపోద్ది" అన్నారు. మర్నాడు చూస్తే 'పెర్మ్ ఎర్రర్'. ఇదేమిటో చాలాసేపు బుర్రకెక్కలేదు. రాత్రి కూర్చుని చదివితే తేలింది. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒకటే ఉండాలి. వాళ్ళ పాత సర్వర్ పేరుతో ఎప్పుడో ఒకటి పెట్టి ఊరికే వదిలేశారు, అది సరిచెయ్యకుండా పక్కనే ఇంకోటి పెట్టారు. రెండుంటే ఏదీ చెల్లదు. బీఏ తెలుగు చదివినదాన్ని నేను కనిపెట్టాను, డిజిటల్ నిపుణులు కనిపెట్టలేదు. ఈ ముక్క మాత్రం నలుగురికీ చెప్పుకుంటాను, తప్పదు.

ఫోన్‌లో చెబితే అర్థం కావడం లేదని భీమవరం వెళ్ళాను. అద్దాల గది, ఏసీ, రొయ్యల మేత డీలరు ఒకాయన, కోచింగ్ సెంటర్ వాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఏజెన్సీ కుర్రాడు ఒకడు నవ్వి, "లేసులు అల్లుకునేవాళ్ళకి డీఎన్ఎస్ ఎందుకు మేడం, మేం చూసుకుంటాం కదా" అన్నాడు. డీఎన్ఎస్ అంటే ఆ రికార్డులన్నీ ఉండే చోటు. మేత డీలరు కూడా నవ్వాడు. సరే, నేనే మార్చుకుంటాను, డొమైన్ పాస్‌వర్డ్ ఇవ్వండి అన్నాను. ఓనరు లోపలి నుంచి వచ్చి, పాస్‌వర్డులు కస్టమర్లకి ఇవ్వం, అది కంపెనీ పాలసీ అన్నాడు. డబ్బు కట్టింది మేం కదా అంటే, "ఇవి టెక్నికల్ విషయాలు, సార్‌ని ఒకసారి పంపించండి, మాట్లాడతాను" అన్నాడు.

సార్‌ని! మావారికి ఆ డొమైన్ స్పెల్లింగ్ కూడా సరిగ్గా రాదు.

ఇంటికొచ్చి డొమైన్ ఎవరిదో చూపించే సైటులో వెతికాను. యజమాని పేరు దగ్గర ఏజెన్సీ పేరుంది. మా కొట్టు పేరు, మామగారి పేరు పెట్టి కట్టుకున్న పేరు, వాళ్ళ సొత్తు. వాళ్ళు రేపు కొట్టు మూసేస్తే, లేదా కోపమొచ్చి ఇంకొకరికి అమ్మేస్తే, కార్డుల మీదా పెట్టెల మీదా వేయించిన చిరునామా పోయినట్టే. ఇల్లు కట్టించుకుని దస్తావేజు మేస్త్రీ పేరు మీద రాయించుకుంటామా? ఈ జిల్లాలో ఇలా ఎన్ని కొట్లున్నాయో ఎవరికి తెలుసు. దయచేసి ఇవాళే చూసుకోండి.

మా జీఎస్టీ చూసే ఆడిటర్ గారు మంచి సలహా ఇచ్చారు. "నోటి మాటలొద్దమ్మా, బిల్లు నంబరు వేసి రాతలో అడుగు." బిల్లులో డొమైన్ రుసుము అని విడిగా వేశారు, మా కొట్టు పేరు మీదే వేశారు. ఆ బిల్లు జత చేసి, డొమైన్‌ని మా ఖాతాకి మార్చడానికి ఆథరైజేషన్ కోడ్ ఇవ్వండి, లాక్ తీయండి అని మెయిల్ పెట్టాను. జవాబు లేదు. మళ్ళీ పెట్టాను. ఫోన్ ఎత్తడం మానేశారు.

అప్పుడు అత్తగారు లేచారు. "నన్ను తీసుకెళ్ళు" అన్నారు, అంతే. సంచిలో దారపు ఉండలు, సూది, మంచినీళ్ళ సీసా పెట్టుకున్నారు. ఏజెన్సీ గదిలో గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని అల్లడం మొదలుపెట్టారు. కుర్రాడు వచ్చి "ఏం కావాలమ్మా" అంటే, "మా కోడలికి అదేదో కోడ్ ఇవ్వాలంట కదా బాబూ, ఇచ్చేదాకా ఇక్కడే అల్లుకుంటాను, నా పనేం ఆగదులే" అన్నారు. గొంతు పెంచలేదు. వచ్చినవాళ్ళు ఏమండీ ఈ పెద్దావిడ అని అడుగుతుంటే ఆవిడే ఓపిగ్గా చెప్పారు, పేరు మాదీ, కాగితం వీళ్ళదీ అని. కొత్తగా ప్యాకేజీ మాట్లాడటానికి వచ్చిన ఒక బట్టల కొట్టాయన అది విని, "మరి మా డొమైనూ మీ పేరు మీదే పెడతారా" అని ఓనర్నే అడిగాడు. భోజనాల వేళకి కోడ్ నా మెయిల్‌కి వచ్చింది. అత్తగారికి పువ్వు ఇంకా సగంలో ఉందట, అది పూర్తయ్యాకే లేచారు.

కోడ్ చేతికొచ్చాక మిగతాది పెద్ద కష్టం కాదు. కొత్త రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర ఖాతా నా పేరుతో, నా ఫోన్ నంబరుతో తెరిచి, కోడ్ కొట్టి, డబ్బు కట్టాను. పాత రిజిస్ట్రార్ వెంటనే ఒప్పుకోకపోయినా మామూలుగా ఐదు రోజులకి అదే మారిపోతుంది. ఒక్క జాగ్రత్త: నేమ్‌సర్వర్లు, అంటే డొమైన్ రికార్డులు ఉండే సర్వర్లు, మార్చేముందు అక్కడున్న రికార్డులన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు, అది కొత్తచోట పెట్టడం మరిచిపోతే వచ్చే మెయిళ్ళు కూడా ఆగిపోతాయి. ఎస్‌పీఎఫ్ ఒకటే పెట్టాను, డీకిమ్ తాళం చెవి మెయిల్ సర్వీసు ఇచ్చింది ఇచ్చినట్టు అతికించాను, డీమార్క్ మొదట 'నన్' (ఏమీ చెయ్యొద్దు) అని పెట్టి రిపోర్టులు చూస్తున్నాను. నిన్న రాత్రి మూడింటికీ 'పాస్' వచ్చింది. అందరూ నిద్రపోతున్నారు, లేపి మరీ చూపించాను.

ఇంకో ఘనకార్యం కూడా బయటపడింది. వార్తాలేఖల జాబితా నా చేతికి వచ్చాక చూస్తే మా కార్డుల డబ్బాలో లేని చిరునామాలు వేలల్లో ఉన్నాయి. ఎక్కడో కొన్న జాబితా. అందులో దంతవైద్యులు, టైర్ల కంపెనీలు. పళ్ళ డాక్టరుకి నెలనెలా మా డోయిలీల (గిన్నెల కింద వేసే చిన్న లేసు ముక్కల) మెయిల్ వెళ్ళింది. ఆయన స్పామ్ అని నొక్కడా మరి? అలా నొక్కేవాళ్ళు 0.3 శాతం కూడా చేరకూడదని గూగుల్ నిబంధన. కొన్నవన్నీ తీసేశాను. మాతో ఒకసారైనా మాట్లాడినవాళ్ళే మిగిలారు, జాబితా చిక్కిపోయింది. చిక్కిపోనివ్వండి. కొన్న జాబితా ఎవరు ఎంత చవగ్గా ఇస్తానన్నా గుమ్మం ఎక్కనివ్వకండి.

మెయిల్ అడుగున మా నరసాపురం చిరునామా, వద్దనుకుంటే ఆపేసే లింకు పెట్టాను. అమెరికాకి పంపే వ్యాపార మెయిళ్ళకి ఈ రెండూ ఉండాలని అక్కడి 2003 నాటి చట్టం చెబుతోంది. ఏజెన్సీ మెయిళ్ళలో చిరునామా చోట వాళ్ళ ఆఫీసుది ఉండేది.

కొత్త మెయిల్ ముందుగా పాత కొనుగోలుదారులకి కొద్దిమందికే పంపాను. ఇటలీ ఆవిడ పొద్దున్నే జవాబిచ్చింది. ఏడాదిగా మా దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే కొట్టు మూసేశారనుకుందట, ఈసారి సరుకు వేరేచోట కొనేసిందట. వచ్చే సీజన్‌కి నమూనాలు పంపమంది. నమూనాల మాట చెప్పగానే అత్తగారు దారం నంబరు అడిగారు, నేను ఇంకా సైజులే రాసుకోలేదు.

ఏజెన్సీ వెబ్‌సైట్లో 'మా క్లయింట్లు' అనే చోట మా కొట్టు బొమ్మ ఇంకా ఉంది. తీసెయ్యమని మెయిల్ పెట్టాను, ఈసారి స్పామ్‌లో పడిందని చెప్పే వీలు లేదు.